అందించని పద్యం

మార్కాపురంలో కళాభవనం వాళ్లు శని, ఆదివారాలు రెండు రోజులు నాటకాలు, సంగీతం పెట్టుకున్నారు. రమ్మని నాకు ఫోను చేశారు. బడిపంతులమ్మగా రిటైరై, నాలుగు కథల పుస్తకాలు రాసి, ఒంగోలులో ఒక మూల కూర్చున్నదాన్ని ఎందుకు పిలుస్తారో నాకు తెలియనిది కాదు. శాలువా కప్పడానికి ఎవరో ఒకరి భుజాలు కావాలి. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు అవతల అబ్బాయి, "హార్మోనియం మస్తాన్ గారికి కూడా సన్మానం ఉంది మేడం, ఆదివారం" అన్నాడు. తెరిచిన నోరు అట్లాగే మూశాను. మస్తాన్ మామ ఇంకా బతికి ఉన్నాడని నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను ఏనాడూ అనుకోలేదన్నది అంతకంటే నిజం.

శనివారం ఉదయానికే వెళ్లి కూర్చున్నాను. భవనానికి కొత్తగా సున్నం వేశారు, చెక్కబెంచీలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, గోడలకు తిరిగే ఫ్యాన్లు వచ్చాయి. వేదిక మాత్రం అదే. బడిపిల్లలు పాడారు. ఒకమ్మాయి వయొలిన్ చాలా బాగా వాయించింది. తర్వాత ఒక పద్యనాటకం వేశారు. కిరీటాలు, గదలు, వేషాలు అన్నీ దేదీప్యమానంగా ఉన్నాయి గానీ, పద్యాలు ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. స్పీకర్లో పద్యం వస్తుంటే నటుడు పెదవులు కదిపాడు. ఎవరూ మరిచిపోలేదు, ఎవరూ తడబడలేదు. పక్కనున్నాయన "ఎంత బాగా చేసినాడో!" అంటే నేనూ తల ఊపాను. నా కళ్లు మాత్రం పొద్దున్నుంచీ వేదిక మీద నిలబడే మనిషికి ఎడమవైపున వేలాడే పక్కతెర మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆ తెర వెనక ఎవరో కుర్రవాళ్లు కంప్యూటర్ పెట్టుకొని కూర్చున్నారు. పదిహేనేళ్ల వయసులో నేను కూర్చున్నది అక్కడే.

మా నాయన పేరు ఏసోబు. పలకరాయి గనిలో పనిచేసేవాడు. మా ఊరు మార్కాపురానికి బస్సులో ముప్పావుగంట. సాయంత్రం ఆయన గని నుంచి వస్తే ముందు మనిషి కనిపించేవాడు కాదు, బూడిదరంగు కనిపించేది. కనుబొమల మీద, చెవుల వెనక, వేళ్ల సందుల్లో పలకరాయి పొడి ఉండేది. అమ్మ వాకిట్లో రాతి మీద కూర్చోబెట్టి నాలుగు చెంబులు పోస్తే గానీ నల్లటి మా నాయన బయటపడేవాడు కాదు. ఆ నీళ్లు పారినంత మేరా మా వాకిలి కూడా బూడిదరంగులోకి తిరిగిపోయింది. తడిసిన ఆ పొడికి ఒక వాసన ఉండేది, కొత్త పలకను నాలుకతో తుడిచిన పిల్లలందరికీ అది తెలుసు. దాంతోపాటు పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన. నాకు ఇల్లు అంటే ఈనాటికీ ఆ రెండు వాసనలే.

నేను పుట్టకముందు గనిలో రాయి పగలగొట్టే మందుతూటా దగ్గరగా పేలి ఆయన ఎడమ చెవి పోయింది. మా ఇంట్లో అందరూ అది మరిచిపోయి బతికేవాళ్లం. అంటే, అంతగా అలవాటు పడ్డాం. మంచం మీద ఆయన కుడిపక్కనే కూర్చోవాలి, బజారులో కుడిపక్కనే నడవాలి. ఎడమపక్క నుంచి పిలిస్తే పలకకపోతే కోపం అనుకోకూడదు. చుట్టాలకు ఈ సంగతి తెలియక ఒకటి రెండు పెళ్లిళ్లలో మాటలు కూడా పెరిగాయి.

ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ గొంతు ఉంది. ఆదివారం ఆరాధనలో ఆయన పాట ఎత్తుకుంటే పాస్టరయ్య కూడా తాళం వేయడం ఆపి వినేవాడు. సంఘ పెద్ద కాబట్టి ప్రార్థన కూడా ఆయన చేతే చేయించేవాళ్లు. చదువురాని మనిషి ఆ పెద్ద పెద్ద మాటలన్నీ చెవితోనే నేర్చుకున్నాడు. ఆ గొంతు విని మా బడి తెలుగు అయ్యవారు వెంటపడ్డాడు. అయ్యవారు సొంతంగా ఒక పద్యనాటకం రాసి పెట్టుకొని రాజువేషానికి మనిషి దొరక్క మూడేళ్లుగా అల్లాడుతున్నాడు. రాజ్యం పోయిన రాజొకడు నల్లమలలో తప్పిపోయిన కూతురి కోసం తిరుగుతుంటాడు. అదీ కథ. పాస్టరయ్యను అడిగితే, "వేషం వేస్తే వెయ్యిలే ఏసోబూ, ఆదివారం ఆరాధన ఎగ్గొట్టొద్దు" అన్నాడు. అంతటితో మా ఇల్లు నాటకశాల అయింది.

అయ్యవారు నాటకం నోటుబుక్కు ఎవరికీ ఒక పూటకు మించి ఇచ్చేవాడు కాదు, ఎక్కడ పోగొడతారో అని. కాగితాలు కొనే స్తోమత మాకు లేదు. పలకలకు మాత్రం కరువు లేదు. అంచు విరిగినవి, చెక్కచట్టం పట్టనివి నాయన గని నుంచి తెచ్చేవాడు. ఒక్కో రంగం ఒక్కో పలక మీద రాశాను. గోడ పొడుగునా వరసగా ఆనించి పెట్టాం, పదిహేడు పలకలు. కోడి ఎక్కి తొక్కితే మళ్లీ రాయాలి, చెల్లెలు తడిచెయ్యి పెడితే మళ్లీ రాయాలి. రోజూ సందెవేళ నాయన మంచం మీద వెల్లకిలా పడుకొనేవాడు. నేను ఆయన కుడిచెవి దగ్గర కూర్చొని చరణం చరణం చదివేదాన్ని, ఆయన అనేవాడు. అట్లా నాలుగు నెలలకు నలభై పద్యాలు మా నాయనకు నోటికి వచ్చాయి. అవి నా గొంతుతోనే ఆయనలోకి పోయాయి. ఎవరైనా మెచ్చుకుంటే, "నాదేముందిలే, మా పాప చదివింది, నేను విన్యా" అనేవాడు.

మస్తాన్ మామది మిషను కుట్టే దుకాణం. సాయంత్రం దుకాణం కట్టేసి హార్మోనియం నెత్తిన పెట్టుకొని వచ్చేవాడు. నాయనా ఆయనా బావా అంటే బావా అనుకునేవాళ్లు. నన్ను 'కోడలు పిల్లా' అని పిలిచి ఆటపట్టించేవాడు. పద్యానికి ఎత్తుగడ దొరికితే చాలు, తక్కినదంతా దానంతట అదే వస్తుందని మస్తాన్ మామ సిద్ధాంతం. "మొదటి ముక్క అందియ్యి కోడలా. మూటకు ముడి ఊడదీస్తే చాలు, బియ్యం మనం పొయ్యాల్నా?" అనేవాడు. నాయన మరిచిపోతే తెర చాటు నుంచి అందించే పని అట్లా నాదైంది. మా ఊళ్లో వేసిన రెండుసార్లూ నేను నాయనకు కుడివైపు తెర వెనక కూర్చొని పలకలు చుట్టూ పేర్చుకొని అందించాను. రెండుసార్లూ 'ఒన్స్ మోర్' కొట్టారు.

ఇదంతా అయ్యాక నేను మార్కాపురంలో హైస్కూలు హాస్టల్‌లో చేరాను, శనివారాలు ఇంటికి వచ్చేదాన్ని. నా గొంతు పెద్దది. చెవిటి తండ్రి ఇంట్లో పుట్టిన పిల్లలకు గొంతు పెద్దదే అవుతుంది. హాస్టల్ పిల్లలు చేరిన వారానికే నాకు 'మైకు' అని పేరు పెట్టారు. "ఏయ్ మైకూ, కొంచెం ఆగవే, చెవులు పోతాండాయి" అనేవాళ్లు. నేను అన్నం పెట్టమని అడిగినా నవ్వేవాళ్లు. నాలుగు నెలల్లో గొంతు తగ్గించుకోవడం నేర్చుకున్నాను. దాన్ని నాగరికత అనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్నో.

ఆ సంవత్సరం కళాభవనంలో రెండు రోజుల నాటక పోటీలు పెట్టారు. మాకు ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఇచ్చారు. పొద్దున ఆరాధనలో నాయన ప్రార్థన చేశాడు, అక్కడి నుంచి నేరుగా బస్సెక్కాం. పలకలు చీరలో మూటకట్టి అమ్మ ఒళ్లో పెట్టుకుంది. గిద్దలూరు నుంచి, పొదిలి నుంచి నాటక సమాజాలు వచ్చాయి, ముగ్గురు న్యాయనిర్ణేతలు కోట్లు వేసుకొని కూర్చున్నారు. గని పని మానేసి వేషాలతో బతకొచ్చునని అయ్యవారు నాయనకు ఆశ పెట్టాడు. ఇక్కడ గెలిస్తే జిల్లా అంతా పిలుస్తారన్నాడు. అప్పటికే నాయనకు దగ్గు కూడా పట్టుకుంది. గని నుంచి బయటపడాలని ఆయన మాతో అనలేదు గానీ, ఆ నెలంతా తన సమ్మెటను ఎవరికి ఇవ్వాలో ఆలోచిస్తున్నాడని అమ్మకు తెలుసు.

తీరా చూస్తే వేదిక కుడివైపంతా హార్మోనియం, తబలా, మైకువాడి పెట్టెలతో నిండిపోయింది. అందించేవాళ్లు ఎడమ తెర వెనకే కూర్చోవాలన్నారు. నాయన తన ఎడమ చెవి తడుముకున్నాడు. తర్వాత నన్ను అక్కడ కూర్చోబెట్టి, తను వేదిక మధ్యకు పోయి నిలబడి, "పాపా, అందియ్యి చూద్దాం" అన్నాడు. ఖాళీ హాలు. నేను గట్టిగా అందించాను. వినపడిందని చెయ్యి ఎత్తాడు. దగ్గరకు వచ్చి, "గట్టిగా ఇయ్యాల పాపా. సిగ్గుపడాకు. జనం విన్నా ఏం గాదు, నాకు వినపడితే చాలు" అన్నాడు.

తెర లేచాక చూస్తే ముందు వరసలో మా హాస్టల్ పిల్లలు. వార్డెనమ్మ వెంటబెట్టుకొని వచ్చింది. తెర సందులోంచి వాళ్ల ముఖాలు నాకు అంగుళం అంగుళం కనిపిస్తున్నాయి. మూడు రంగాలు నాయన బ్రహ్మాండంగా లాక్కొచ్చాడు. నా అవసరమే రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం చూశాను. ఆ తర్వాత అడవిలో రాజు ఒంటరిగా మోకాళ్ల మీద పడే ఘట్టం వచ్చింది. మస్తాన్ మామ శ్రుతి ఇచ్చాడు. 'ఇంతటి కాలమున్ గడచె నెవ్వరి కోసము వేచితిన్ వృథా' అని ఎత్తుకోవాలి. నాయన నోరు తెరిచాడు. పద్యం రాలేదు. మస్తాన్ మామ మళ్లీ శ్రుతి ఇచ్చాడు. నాయన ముఖం నావైపు తిరిగింది.

నేను అందించాను. గుసగుసగా. 'ఇంతటి కాలమున్' అన్నాను, నా పెదవులకే వినపడేంతగా. ఆయనకు వినపడలేదని నాకు తెలుసు, ఎందుకంటే ముఖం ఇంకా నావైపే ఉంది. ఇంకోసారి అన్నాను, ఇంకా మెల్లగా. ముందు వరసలో ఒక పిల్ల తల తిప్పి తెరవైపు చూసింది. ఇక నేను నోరు విప్పలేదు.

మోకాళ్ల మీద ఉన్న మనిషి ఎంతసేపని మౌనంగా ఉంటాడు? నాయన చేతులు జోడించాడు. పద్యం దొరకని ఆ నోటికి నోటికొచ్చిన ఇంకో గొప్ప భాష దొరికింది. "పరలోకమందున్న ప్రభువా, ఈ దాసుని మొర ఆలకించుము, ఈ బీదవాని మీద కనికరించుము" అని మొదలుపెట్టాడు. కిరీటం పెట్టుకున్న రాజు, నొసట అంత బొట్టుతో, పొద్దున మా గుడిలో చేసిన ప్రార్థన పొల్లు పోకుండా చేశాడు. మొదట్లో జనానికి అర్థం కాలేదు. చివరికి ఆయన అలవాటుగా, కళ్లు మూసుకొని, "ఆమెన్" అన్నాడు. అప్పుడు హాలంతా ఒక్కసారిగా నవ్వింది. హాస్టల్ పిల్లలు బెంచీల మీద ఒరిగిపోయి నవ్వారు. వెనక నుంచి ఎవడో "ఒన్స్ మోర్!" అన్నాడు. తెర దించేశారు.

తిరుగు బస్సు ఎక్కాం. అయ్యవారు ముందు సీట్లో తల పట్టుకొని కూర్చున్నాడు. నేను నాయనకు కుడిపక్కన కిటికీ దగ్గర కూర్చున్నాను. ముఖానికి ఇంకా రంగు సరిగా పోలేదు. సగం దూరం వచ్చాక మెల్లగా, కోపం లేకుండా అడిగాడు.

"పాపా, అందించినావా?"

"అందించినా నాయనా."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

తల ఊపాడు. అబద్ధం కాదు కదా అని నేను చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత నాయన మళ్లీ వేషం వేయలేదు. సమ్మెట ఎవరికీ ఇవ్వలేదు. ఆరాధనలో పాట ఎత్తుకోవడం కూడా మానేశాడు, వెనక బెంచీలో కూర్చొనేవాడు. ఎవరైనా మాట్లాడితే వాళ్ల నోటి వంక చూసేవాడు. జనం నవ్వినందుకు సిగ్గుపడ్డాడని మేమంతా అనుకున్నాం. గనిలో ఇంకో ఇరవై ఏళ్లు రాయి కొట్టాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకొని, దగ్గి దగ్గి పోయాడు. అమ్మ పలకలు ఎప్పుడో కడిగేసి కుండల మీద మూతలు పెట్టుకుంది. నా రాత కరిగిన నీళ్లు కూడా వాకిట్లోకే పోయాయి.

ఇదీ నేను ఇన్నాళ్లూ మోసిన మూట. ఇంతే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మస్తాన్ మామను మనవడు ఆటోలో తీసుకొచ్చాడు. బాగా వంగిపోయాడు, తొంభైకి దగ్గరలో ఉంటాడు. చెవులు మాత్రం పాముచెవులు. నేను "మామా" అనగానే ముఖం చూడకుండానే "కోడలు పిల్లా!" అన్నాడు. ఆ పిలుపు విని నాకు ఏడుపొచ్చింది. వేదిక కింద పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్నాం. పైన ఎవరో కీబోర్డు వాయిస్తున్నారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆయనే నాయన సంగతి ఎత్తాడు.

"ఏసోబు బావ గొంతు మళ్లా ఇనలేదమ్మా నేను, ఈ జిల్లాలో. ఆ పాడు చెవి గూడా పాయె గదా."

"ఎడమ చెవి ఎప్పుడో పోయింది గదా మామా" అన్నాను.

"అది గాదు. కుడిది. నీకు చెప్పలేదా? చెప్పడులే, బాధపడతావని." మస్తాన్ మామ నా వైపు వంగాడు. "ఆ నాటకం అయినాక బావ నా దుకాణం కాడికొచ్చి కూసున్యాడు. బావా, ఈ చెవి గూడా పోతాంది, నడుమ నడుమ ఇనపడకుండా పోతాంది అన్యాడు. ఏంది బావా, నా మాటలు ఇనపడతాండాయి గదా అని నేనంటే ఇనడే. నేనే పొదిలి తీసకపోయినా డాక్టరు కాడికి. ఆయన అట్ల చూసి ఇట్ల చూసి చెవి బెమ్మాండంగా ఉండాది పో అన్యాడు. బయటికొచ్చినాక బావ ఏమన్యాడో తెలుసునా? డాక్టరుకేం తెలుసు బావా, ఆ పొద్దు పాప రెండుసార్లు అందించింది. పాప అందించకుండా ఉంటాదా? అందిస్తే నాకు ఇనపడాల గదా. ఇనపడలేదంటే చెవిదే తప్పు. ఇట్లాంటి చెవి పెట్టుకొని స్టేజీ ఎక్కి అయ్యవారి పరువు మళ్లా తియ్యమంటావా అన్యాడు."

కీబోర్డు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

"మామా, నేను అందించలేదు" అన్నాను. "అందరూ నవ్వుతారని నోట్లోనే అనుకున్యా. నాయన చెవి బాగానే ఉన్నింది."

ఆయన నా ముఖం వంక చూశాడు. పోనీలే అమ్మా, చిన్నపిల్లవు అప్పుడు, అంటాడని ఎదురుచూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట కోసమే చెప్పాను. మస్తాన్ మామ అనలేదు.

"ఆ ఒక్క ముక్క అప్పుడు చెప్పింటే వాడు పాడేవోడు గదమ్మా" అన్నాడు. "ఇరవై ఏండ్లు పాడేవోడు."

అంతలో మైకులో నా పేరు పిలిచారు. శాలువా కప్పారు. ప్లాస్టిక్ సంచిలో జ్ఞాపిక ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. పద్యనాటకం గొప్పతనం గురించి ఒక కాగితం రాసి తెచ్చుకున్నాను, సంచిలోనే ఉంది. తియ్యలేదు. వేదిక మీద నిలబడి ఎడమవైపు చూశాను. తెర వెనక కుర్రవాడు కంప్యూటర్ వెలుగులోంచి తలెత్తి నన్ను చూసి నవ్వాడు, అంతా సిద్ధంగా ఉంది మేడం అన్నట్టు.

"మా నాయన పేరు ఏసోబు" అని మొదలుపెట్టాను. "ఈ వేదిక మీద ఆయన ఒక పద్యం మరిచిపోయాడు. ఆయన చెవి మంచిదే. నేను అందించలేదు."

వెనక వరసల్లోంచి ఎవరో లేచి నిలబడి, మర్యాదగానే, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకొని అన్నాడు.

"మేడం, ఇనపడలేదు. గట్టిగా చెప్పండి."